చేపలకూ పొత్తు కుదరాలి

మా చిన్నవాడి పుట్టినరోజుకి మావారు విశాఖపట్నం నుంచి గాజుతొట్టి తెచ్చారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. దాంతోపాటే ప్లాస్టిక్ సంచుల్లో పన్నెండు చేపలు! గోల్డ్‌ఫిష్‌లు రెండు, నల్లచారల టైగర్ బార్బులు రెండు, ఏంజెల్ ఒక జత, నీలంగా మెరిసే నియాన్ టెట్రాలు నాలుగు, కుచ్చుతోక ఫైటర్ ఒకటి, అద్దానికి నోరు అంటించుకుని పాకే సక్కర్ చేప ఒకటి.

"ఇవన్నీ కలిసి ఉంటాయా అని అడిగారా?" అన్నాను.

"ఉంటాయనే చెప్పాడు షాపతను" అన్నారాయన.

ఇరవై రోజులు తిరిగేసరికి మూడే మిగిలాయి. మావాడు అన్నం మానేసి ఏడ్చాడు. ఇంట్లో అందరి చూపూ నా మీదే. నీళ్ళు మార్చేదాన్ని నేనే కదా మరి! మేత ఎక్కువేశానని ఒకరు, తక్కువేశానని ఒకరు. సరిగ్గా అప్పుడే మా వీధికి చేపలు తెచ్చే ముసలమ్మ గంప దించి, తొట్టి వంక చూసి నవ్వింది.

"ఏటమ్మా, అన్నీ ఒక్క దాన్లో ఏసీసినారా? కొర్రమీను పక్కన పరిగెపిల్లని ఎవులైనా ఏస్తారేటి?"

అంతే కదా అనిపించింది. తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివితే తేలిందీ అదే. నియాన్ టెట్రా అంగుళంన్నర చేప. ఏంజెల్ పెరిగితే దానికి ఇది ఒక్క గుటక. టైగర్ బార్బులు ఆరేడు ఉంటే వాటిలో అవే కొట్లాడుకుంటాయి, రెండే ఉంటే పక్కవాళ్ళ మీద పడతాయి. మా ఫైటర్ కుచ్చుతోక చిరిగి పీలికలైంది అందుకే. ఇక గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ళ జాతి. మిగతావాటికి 24 నుంచి 28 డిగ్రీల వేడి కావాలి. పైగా అది తినేదీ ఎక్కువే, మురికి చేసేదీ ఎక్కువే.

కొత్త తొట్టిలో పన్నెండింటినీ ఒక్కరోజే వెయ్యడం ఇంకో తప్పు. చేపల మలినం నుంచి అమ్మోనియా పుడుతుంది, అది వాటికి విషం. దాన్ని విరిచే సూక్ష్మజీవులు తొట్టిలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా ఒకటీ రెండూ గట్టి చేపలతో సరిపెట్టుకోవాలి.

అసలు ముందు చూడవలసింది నీళ్ళు. మాది నౌపడ. ఉప్పు మడుల ఊరు. మా ఇంటి నీళ్ళకి సబ్బు నురగ రాదు, కాచిన గిన్నెకి తెల్లగా పెచ్చు కడుతుంది. నియాన్ టెట్రా అమెజాన్ అడవుల మెత్తటి నీళ్ళలో పుట్టిన ప్రాణి. ఈ నీళ్ళలో దాన్ని వెయ్యడమంటే మన కడుపుకి రోజూ ఉప్పునీరు పట్టించడమే. అదే మోలీ అయితే ఉప్పు కలిసిన నీటిలోనూ హాయిగా బతుకుతుంది. గప్పీకీ సున్నపు నీళ్ళంటే భయం లేదు. మన దేశపు చేపే అయిన జీబ్రా డానియో కూడా సర్దుకుంటుంది, కాకపోతే ఆరింటికి తక్కువ ఉండకూడదు.

గప్పీల సంగతి మన ఆడవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. ఒక మగదానికి రెండు మూడు ఆడవి లేకపోతే, అది ఒక్కదాని వెంటే పడి తినడానికి కూడా తీరిక లేకుండా వేధిస్తుంది. షాపులవాళ్ళు మాత్రం "జత" అని కట్టి ఇచ్చేస్తారు.

మా ఊరికి దగ్గరే తేలినీలాపురం. ఏటా వచ్చే పెలికాన్లూ, పెయింటెడ్ స్టార్కులూ అక్కడ ఒకే చెట్టు మీద గూళ్ళు కడతాయి. గొడవ లేదు. ఒకటి ఈదుతూ పట్టుకుంటుంది, ఇంకొకటి లోతులేని చోట నడుస్తూ పట్టుకుంటుంది. ఎవరి తిండి వాళ్ళది. తొట్టిలోనూ అంతే. నీటి పైభాగాన తిరిగేదీ, మధ్యలో తిరిగేదీ వేరువేరైతే తగువు తగ్గుతుంది.

ఆడపిల్లకి సంబంధం చూస్తే ఊరంతా వాకబు చేస్తాం. చేపలకి మాత్రం రంగు చూసి డబ్బులిచ్చేస్తాం! మీ నీళ్ళెలాంటివి, తొట్టి ఎంత, అందులో ఇప్పటికే ఏమున్నాయి అని అడగని షాపులో నేనైతే ఇక చేప కొనను. ఇది పెరిగితే ఎంతవుతుందో చెప్పలేనివాడి దగ్గర అసలే కొనను. తెచ్చేది ఆయనే అయినా తొట్టి కడిగేది మనం కనక, కొనేటప్పుడు పక్కన మనం ఉండాలి. "అదెంత పని, నేను తెస్తాగా" అంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు మా తొట్టిలో మోలీలు మూడు, గప్పీలు అయిదు, అందులో మగవి ఒకటే. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు బకెట్లో నిలవ ఉంచి పోస్తాను. ఇంట్లో చావులు ఆగాయి. కాకపోతే గప్పీలు పిల్లలు పెట్టేస్తున్నాయి, అది వేరే తలనొప్పి.

ఆ మొదటి పన్నెండింటిలో సక్కర్ చేప ఇంకా ఉంది. జానెడైంది. అడుగు దాటి పెరుగుతుందట. చెరువులో వదిలేద్దామన్నాడు మావాడు. వద్దన్నాను. కృష్ణా కాలువల్లో, చెరువుల్లో ఇది పెరిగిపోయి చేపల రైతులు లబోదిబోమంటున్నారు, దాని ముళ్ళకి వలలు చిరుగుతున్నాయి. అందుకని పెరట్లో సిమెంటు గాబులో ఒంటరిగా ఉంచి, పైన పలక కప్పాం. మొన్న మా ముసలమ్మ పలక ఎత్తి చూసి, "ఇది కూరకి పనికొస్తాదేటమ్మా?" అని అడిగింది. మావాడు గాబుకి అడ్డం నిలబడ్డాడు.