నెలలు నిండని శిశువు.. మూతపడని నాళం
సకాలంలో గుర్తించడమే అసలు సమస్య

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: నెలలు నిండకముందే పుట్టిన శిశువు ఊపిరి నిలిచిందని కుటుంబం ఊరట చెందేలోపే గుండె వద్ద మరో చిక్కు ఎదురవుతోంది. వైద్యులు దానిని పేటెంట్ డక్టస్ ఆర్టీరియోసస్, క్లుప్తంగా పీడీఏ అంటారు. పల్లెల్లో ‘గుండెకు రంధ్రం’ అని చెప్పుకుంటారు గానీ, ఇది గుండె గోడకు పడిన రంధ్రం కాదు.

గర్భంలోని శిశువుకు ఊపిరితిత్తులతో పని ఉండదు. అందుచేత పుపుస ధమని నుంచి బృహద్ధమనికి ఒక చిన్న నాళం రక్తాన్ని మళ్లిస్తుంది. నెలలు నిండిన శిశువుల్లో రెండు మూడు రోజుల్లో అది దానంతటదే మూసుకుంటుంది. కిలోకన్నా తక్కువ బరువున్న పసికందుల్లో అనేకమందికి వారం దాటినా తెరిచే ఉంటుంది. అప్పుడు రక్తం ఊపిరితిత్తుల్లోకి అధికంగా చేరుతుంది. ఎగశ్వాస, పాలు తాగుతూనే అలసిపోవడం, బరువు పెరగకపోవడం దీని లక్షణాలు.

తెరిచి ఉన్న ప్రతి నాళానికీ చికిత్స అక్కరలేదు. ఇబుప్రొఫెన్, పారాసిటమాల్ వంటి మందులతో మూయించే వీలున్నా, తొలి రోజుల్లోనే ఇబుప్రొఫెన్ ఇచ్చినందువల్ల అదనపు మేలు కనిపించలేదని 2023, 2024 సంవత్సరాల్లో వెలువడిన ఐరోపా అధ్యయనాలు తేల్చాయి. ఎవరికి వేచి చూడాలి, ఎవరికి మందు వేయాలి, ఎవరిని శస్త్రచికిత్సకు పంపాలి అన్నది ఎకో పరీక్ష, దానిని చదవగల నిపుణుడు కలిసి తేల్చాల్సిన విషయం.

2016 అక్టోబరులో ఉమ్మడి వరంగల్ నుంచి ఈ మూడు జిల్లాలు విడివడ్డాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. ఇది చిన్న విషయమేమీ కాదు. అయితే కళాశాల బోర్డు వెలిసినంత మాత్రాన నవజాత శిశువుకు మంచం వద్దే ఎకో తీసే ఏర్పాటు వచ్చినట్లు కాదు. జిల్లా కేంద్రంలో ఆ ఏర్పాటు లేనినాడు గంగారం, కొత్తగూడ, మహదేవపూర్ మండలాల తల్లులకు వరంగల్ ఎంజీఎం, అక్కడా వీలుకాకుంటే హైదరాబాద్ నిలోఫర్, నిమ్స్ దిక్కు. కిలో బరువు శిశువుకు దారిలో ఒళ్లు చల్లబడటమే ప్రాణాంతకం.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిధిలో పీడీఏ శస్త్రచికిత్స ఉంది. 2023 డిసెంబరులో పథకం పరిమితి రూ.10 లక్షలకు పెరిగింది. అంటే డబ్బుకన్నా ముందు అడ్డుపడుతున్నది గుర్తింపే. ఆసుపత్రి కాన్పు తరువాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లాలి. నాళం మూతపడకుండానే ఇంటికి చేరిన శిశువు విషయంలో ఆమె తూకంతో పాటు, విడుదల చీటీలో మళ్లీ ఎకోకు రాసిన తేదీనీ చూడాల్సి ఉంటుంది.