గాలం కొల్లేటి దరిని, కాపురం ఏలూరులో

ఉద్యోగ విరమణ చేసిన మిత్రుడొకరు కొల్లేటి ప్రాంతానికి తరలిపోవాలని నిశ్చయించుకున్నారు. గాలం వేయడం ఆయనకు చిన్ననాటి నుండీ ప్రీతి. సరస్సును ఆనుకొని ఉన్న లంక గ్రామంలోనా, ఏలూరు పట్టణంలోనా, ఎక్కడ ఇల్లు చూసుకోమంటారని నన్ను అడిగారు. పట్టణమే మేలన్నాను.

అందుకు కారణాలు మూడు. మొదటిది కాలం. గుండెపోటు వచ్చినప్పుడు మూసుకుపోయిన రక్తనాళాన్ని ఎంత త్వరగా తెరిస్తే గుండె కండరం అంతగా దక్కుతుంది. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి పక్షవాతం వస్తే, స్కానింగు తీసి, గడ్డను కరిగించే సూదిమందును సాధారణంగా 4.5 గంటల లోపే ఇవ్వాలి. అరవై దాటినవారు ఈ లెక్క మరువరాదు.

రెండవది వరద. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు కొల్లేటిలో కలుస్తాయి. ఆ నీరు సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. భారీ వర్షాలకు లంకల బాటలు మునిగితే అంబులెన్సు చేరదు.

మూడవది తాగునీరు. ఎగువ పట్టణాల మురుగు, పొలాల పురుగుమందులు, చేపల చెరువుల వ్యర్థాలు సరస్సులోకే వస్తాయి.

“సరస్సు గాలి, ప్రశాంతత ఆరోగ్యం కావా?” అన్నారాయన. కాదనను. వాటికి వారానికి రెండు ఉదయాలు చాలును. ఆపదకు మాత్రం ముహూర్తం ఉండదు. కొల్లేరు 1999 నుండి అభయారణ్యం కనుక, గాలం ఎక్కడ వేయవచ్చో అటవీ అధికారులను ముందే అడగండి. ఇల్లు చూసేటప్పుడు, అర్ధరాత్రి వానలో ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో లెక్కించండి. కిటికీలో నీరు కనబడుతుందా అన్నది ఆ తరువాతి మాట.