పెన్సిల్ పొట్టు వాసన ఎవరిది?

సెంట్ల గురించి ఇంగ్లీషులో చెప్పేవాళ్లు సెడార్‌వుడ్ దగ్గరికి రాగానే దాదాపు అందరూ ఒకే మాట అంటారు: "అప్పుడే చెక్కిన పెన్సిల్ వాసన". వీడియో రివ్యూల్లో అదే, అట్టపెట్టె వెనకాల అదే. విని విని మనమూ అదే అనేస్తున్నాం. నా అభిప్రాయం ఏంటంటే, ఆ పోలికతో మనకు సెడార్ అర్థం కాదు. ఎందుకంటే మనం చెక్కిన పెన్సిల్ అది కాదు.

అమెరికాలో ఒకప్పుడు పెన్సిళ్లను ఈస్టర్న్ రెడ్ సెడార్ చెక్కతో చేసేవాళ్లు. తర్వాత కాలిఫోర్నియాలో పెరిగే ఇన్సెన్స్ సెడార్‌కు మారారు. మన దేశంలో పెన్సిళ్లకు వాడే చెక్క చాలావరకు కశ్మీర్‌లోని పుల్వామా జిల్లా నుంచి వస్తుంది. అక్కడి ఉఖూ గ్రామానికి పెన్సిళ్ల ఊరు అనే పేరు కూడా ఉంది. అది పోప్లార్ చెక్క. సెడార్‌కు ఉండే ఆ ఘాటు దానికి లేదు. అంటే మన జ్ఞాపకంలో లేని వాసనను మన జ్ఞాపకమే అని చెప్పుకుంటున్నాం.

పైగా సెడార్ అంటే ఒక్క చెట్టు కాదు. సెంట్లలో ఎక్కువగా వాడే వర్జీనియా సెడార్, టెక్సాస్ సెడార్ రెండూ నిజానికి జూనిపర్ జాతివి. అసలు సెడార్లంటే మొరాకో, అల్జీరియా కొండల్లోని అట్లాస్ సెడార్, మన హిమాలయాల్లోని దేవదారు లాంటివి. మనవాళ్లు కూడా తక్కువేం కాదు, ప్యాకింగ్ పెట్టెల చౌక చెక్కను దేవదారు అనేస్తారు. సీఎస్ఈ వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఫంక్షన్ పేరు ఒకటే, లోపల కోడ్ వేరు.

ఆ కోడ్ ఏంటో కూడా చూద్దాం. వర్జీనియా నూనెలో సెడ్రాల్, సెడ్రీన్, థుజోప్సీన్ ముఖ్యం. వాసన పొడిగా, శుభ్రంగా ఉంటుంది. అట్లాస్, దేవదారు నూనెల్లో హిమాచలీన్లు, అట్లాంటోన్లు ఉంటాయి. పేర్లలోనే హిమాచలం, అట్లాస్ కొండలు కనిపిస్తున్నాయి కదా! వీటి వాసన తియ్యగా, బరువుగా ఉంటుంది. 1992లో షిసైడో తెచ్చిన ఫెమినితే దు బువా సెంటుకు ప్రాణం అట్లాస్ సెడారే.

ఇంకో మలుపు ఏంటంటే, ఇవాళ సీసా మీద సెడార్ అని ఉంటే లోపల చెట్టు నూనె ఉండాలనేం లేదు. 1970లలో ఐఎఫ్ఎఫ్ కంపెనీ ల్యాబ్‌లో తయారైన ఐసో ఈ సూపర్ అనే పదార్థం చాలా సెంట్లలో ఆ పని చేస్తోంది. 2006లో వచ్చిన మాలిక్యూల్ 01లో సువాసన కోసం వేసింది అదొక్కటే. కొందరికి అది కాసేపు అసలు వాసనే రాదు, తర్వాత ఉన్నట్టుండి వస్తుంది. ల్యాబ్‌లో చేసింది కాబట్టి దొంగ సరుకు అనడం నాకు నచ్చదు. అట్లాస్ సెడార్ అంతరించే ప్రమాదం ఉన్న చెట్ల జాబితాలో ఉంది మరి.

మరి ఎలా అర్థం చేసుకోవాలి? మూడు నూనెలు, మూడు కాగితం ముక్కలు తీసుకోండి. ఒక్కో చుక్క వేసి పది నిమిషాలకు, గంటకు, మర్నాడు వాసన చూడండి. నూనెను నేరుగా ఒంటికి మాత్రం రాసుకోకండి. తర్వాత ఏమనిపిస్తే అది మీ మాటల్లో రాయండి. మాది మందమర్రి, సింగరేణి ఊరు. నా ముక్కుకు తెలిసినవి వాన పడ్డ బొగ్గు, వడ్రంగి దగ్గరి టేకు పొట్టు. అందుకే నాకు అట్లాస్ అంటే కొత్త టేకు తలుపు పక్కన కర్పూరం డబ్బా. దేవదారు అంటే సాంబ్రాణి పొగ ఆరిపోయిన గది.

"అందరికీ ఒకే మాట లేకపోతే పరిశ్రమ ఎలా నడుస్తుంది?" అని అడగొచ్చు. నిజమే, ఉమ్మడి మాటలు కావాలి. కానీ పెన్సిల్ పొట్టు కూడా మొదట ఎవరో ఒక పిల్లాడి స్కూల్ బ్యాగులోదే. ఆ పిల్లాడి బ్యాగు ప్రమాణం అయినప్పుడు మన వడ్రంగి దుకాణం ఎందుకు కాకూడదు?

ఇంగ్లీష్ మీడియంలో చదివిన మనకు ఒక అలవాటుంది. ముక్కు ఏం చెప్పిందో చూడకుండా పుస్తకంలో ఉన్న ఆన్సర్ రాసేస్తాం. మార్కులు వస్తాయి, వాసన మాత్రం తెలియదు. అందుకే మన క్లబ్బుకు నాదో ప్రతిపాదన: వచ్చే సంచికకు ఒక్కొక్కరు తమ ఊరి వాసన ఒకటి నాలుగు వాక్యాల్లో రాసి పంపండి. పెన్సిల్ అనే మాట మాత్రం వాడొద్దు.