దురదకు పూతమందు చాలదు, కారణం తేలాలి

తాపీ పనివారి చేతులకు పట్టిన దురదను మన సమాజం జబ్బుగా లెక్కించదు. వేళ్ల సందున చర్మం పగిలి రసి కారుతున్నా ఒకరు గజ్జి అంటారు, మరొకరు తామర అంటారు. మందుల దుకాణంలో ఏదో పూతమందు చేతిలో పెడతారు. అంటువ్యాధి అన్న అనుమానంతో మేస్త్రీ పనిలోకి రావద్దంటాడు. ఈ విధంగా కార్మికుడు ఆరోగ్యాన్నీ, కూలినీ ఒకేసారి కోల్పోతున్నాడు.

రోగి ఏ పని చేస్తాడో వైద్యుడు తప్పక అడగాలని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1700లోనే చెప్పాడు. ఆ ప్రశ్న నేటికీ మన ఆసుపత్రుల్లో ఆనవాయితీ కాలేదు.

సిమెంటు చర్మాన్ని రెండు విధాల దెబ్బతీస్తుంది. తడి సిమెంటు తీవ్రమైన క్షారం గనుక చర్మాన్ని నేరుగా కాల్చి, ఎండగట్టి, చీలుస్తుంది. రెండవ విధం మరింత ప్రమాదకరమైనది. సిమెంటులో స్వల్పంగా ఉండి నీటిలో కరిగే ఒక రకం క్రోమియం కొందరి శరీరానికి సరిపడకుండా పోతుంది. నెలలు, ఏండ్లు ఏ బాధా లేకుండా మాలు కలిపినవారికి సైతం ఇది ఒకనాడు మొదలు కావచ్చును. “ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెలా వచ్చింది?” అనే కంట్రాక్టరు వాదన అందుచేతనే నిలువదు.

అయితే ప్రతి దద్దురుకూ సిమెంటే మూలమని తీర్మానించుట కూడ తగదు. ముఖం, కనురెప్పలు, మెడపై వచ్చే దురదకు వయ్యారిభామ మొక్క కారణం కావచ్చు. చేతి తొడుగుల రబ్బరూ కావచ్చు. గజ్జి అయితే రాత్రివేళ దురద హెచ్చుతుంది, ఇంటిల్లిపాదికీ సోకుతుంది. దద్దుర్లు ఎక్కడ మొదలైనవి, పనిలో ఏయే పదార్థం తాకింది, సెలవు దినాల్లో తగ్గి పనిలోకి రాగానే తిరగబెడుతున్నదా అన్నవి కార్మికుడే వైద్యుని ముందుంచగల సాక్ష్యాలు. నిర్ధారణకు ప్యాచ్ పరీక్ష ఉన్నది. అనుమానిత పదార్థాలను వీపుపై అంటించి, 48 గంటల తర్వాత తీసి చూస్తారు. మరి రెండు రోజులకు మళ్లీ చూస్తారు.

నివారణ అసాధ్యమేమీ కాదు. ఫెర్రస్ సల్ఫేటు కలిపితే ఈ క్రోమియం హాని తగ్గుతుంది. కరిగే క్రోమియం పది లక్షల భాగాలకు 2 భాగాలు మించరాదని డెన్మార్క్ 1983లో శాసించింది. 2005 నుండి యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ ఆ పరిమితిని పాటిస్తున్నవి.

మన దేశంలో 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ రసాయనాలు, రంగుల స్పర్శ వలన వచ్చే చర్మవ్యాధిని ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చింది. కాని పరీక్ష లేనిచోట రోగం రుజువు కాదు. రుజువు లేనిచోట పరిహారం దక్కదు.

అందుచేత ప్రతి వైద్యచీటీపై రోగి చేసే పని నమోదు కావాలనీ, ప్రభుత్వ, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రుల్లో ప్యాచ్ పరీక్ష ఉచితంగా జరగాలనీ, నిర్మాణ స్థలాల్లో శుభ్రమైన నీరు, సబ్బు, తగిన తొడుగులు యాజమాన్యమే సమకూర్చాలనీ, సిమెంటులో క్రోమియంకు పరిమితి విధించాలనీ మేము కోరుతున్నాము. మాలు మోసే స్త్రీలనూ, వలస కూలీలనూ మరువకుండా, చర్మవ్యాధితో బాధపడేవారి వివరాలు సేకరించే పనిని మన శాఖా సంఘాలు నేడే చేపట్టాలి.