గాయకుడూ, గానయంత్రమూ

ఇంటిలో మ్రోగే యంత్రగానము సభలోని గానమునకు సాటి వచ్చునా అన్న ప్రశ్న నేటిది కాదు. అమెరికాలో ఎడిసన్ సంస్థవారు 1915 మొదలు కొన్ని ఏండ్లపాటు ఊరూరా సభలు జరిపి దీనికి బహిరంగ పరీక్ష పెట్టినారు. వేదికపై యంత్రము ప్రక్కన గాయనిని నిలిపేవారు. రికార్డు తిరుగుచుండగా ఆమె దానితో కలిసి పాడేది, నడుమ ఆగేది, మరల అందుకొనేది. దీపములార్పిన తరువాత ఆమె వేదిక దిగిపోయినా సభవారిలో పలువురు పోల్చుకొనలేకపోయినారట! యంత్రము గెలిచినదని ప్రకటనలు వెలువడినవి. ఆ గాయనులలో ఒకరైన అన్నా కేస్ దశాబ్దాల తరువాత అసలు సంగతి బయటపెట్టినది. తన కంఠమును యంత్రధ్వనికి సరిపడునట్లు తానే మలచుకొని పాడినదట. గాయని వంగినందువల్లనే యంత్రము ఆమె ఎత్తున కనబడినది.

ఈ వంగుబాటు మన సంగీతమునకును తప్పలేదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పుడు పళ్ళెమునకు ఒక ప్రక్కన పట్టే కాలము సుమారు మూడు నిమిషములు. గంటసేపు విస్తరింపదగిన రాగమును ఆమె అందులోనే ఇమిడ్చి, తుదిని తన పేరు తానే చెప్పి ముగించేది. ఆ నేర్పు అసామాన్యమే. 1948లో ఎల్.పి. రికార్డు వచ్చి కాలపు ఇరుకు తీరినది. 1982లో కాంపాక్ట్ డిస్కు వచ్చినది. మానవుని చెవి వినగల 20 నుండి 20,000 హెర్ట్జుల వరకు గల నాదమంతయు అందులో పట్టినది. లెక్క ప్రకారము లోటు లేదు.

చెవికి మాత్రము లోటు తెలియుచునే ఉన్నది. సభలో వీణ మీటగా నాదము కొంత తిన్నగా వచ్చును. కొంత గోడలను, పైకప్పును తాకి నలుదిక్కులనుండి వచ్చును. ఇంటిలో అది రెండు పెట్టెలనుండి బయలుదేరి, ఆ చిన్నగది గుణమును కూడ పులుముకొని వచ్చును. పైగా నేటి ముద్రణలలో, ముఖ్యముగా సినిమా పాటలలో, మెల్లని స్వరమును పెంచి, బిగ్గర స్వరమును అణచి, రెంటిని ఇంచుమించు ఒకే ఎత్తునకు తెచ్చుట పరిపాటి. బస్సులో కూడ వినబడవలె గదా! మీటిన తంత్రి నాదము సన్నగిల్లి, సన్నగిల్లి మౌనములో కలియుట వీణకు ప్రాణము. ఆ సవరణలో మొదట పోవునది అదియే.

అంతకంటె విచారింపదగినది మరొకటి. ఈ ధ్వనికి అలవాటుపడిన చెవులే సభకు వచ్చుచున్నవి. వాటిని తృప్తిపరచుటకు చిన్న మందిరములలో సైతము మైకులను, లౌడ్‌స్పీకర్లను హెచ్చించుచున్నారు. మృదంగము ఉరుముచున్నది, తంబుర వినబడకున్నది. ఇట్టి కచేరికి పోయి వచ్చిన విద్యార్థి ఇంటిలోని పెట్టెయే మేలనినచో అతనిని తప్పుపట్టుట ఎట్లు?

రికార్డును నిందించుట కృతఘ్నత. 1964లో కీర్తిశేషులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారి ఫిడేలు నేటి బాలునికి వినబడుచున్నదంటే అది రికార్డు చలువయే. 1948లో ఆరంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రము సభల మొగమెరుగని పల్లెలకు సంగీతమును చేర్చినది. అయినను రికార్డు ఎన్నిసార్లు పెట్టినా ఒకే తీరున పాడును. వేదికమీది విద్వాంసుడు శ్రోత తలయూపు చూచి మరియొక ఆవర్తము స్వరము వేయును. మార్దంగికుడు అతని కనుసన్న కనిపెట్టి దారి మార్చును.

ఉపాధ్యాయులు చేయదగిన పని ఒకటి ఉన్నది. ఊరిలోని వైణికునో, వేణువు ఊదు వానినో తరగతిగదికి పిలిచి, మైకు లేకుండ ఒక కృతి వాయింపజేయవలెను. సగము కాగానే ముందు బల్లలవారిని వెనుకకు, వెనుకవారిని ముందుకు మార్చవలెను. మరునాడు అదే కృతిని రికార్డుపై వినిపించి, తేడా ఏమి తోచినదో పిల్లలచేతనే వ్రాయించవలెను.