పెళ్ళి క్యాసెట్టు బీరువాలోనే ఉందా?

బీరువా సర్దడం మొదలుపెడితే పట్టుచీరల అడుగున ఏం బయటపడతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. పిల్లల మొదటి వెండి మొలతాడు, ఎప్పటివో తలంబ్రాల బియ్యం పొట్లం, వాటి పక్కన నల్లటి పెళ్ళి క్యాసెట్టు. కొందరిళ్ళల్లో బారసాలవీ, ఓణీల ఫంక్షన్‌వీ, నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కినప్పుడు తీసినవీ కూడా ఉంటాయి. వి.సి.ఆర్. మూలపడ్డాక వాటిని చూసేదీ లేదు, పారెయ్యడానికి మనసూ రాదు.

మొన్న శ్రావణమాసంలో మా అమ్మాయి ఉన్నట్టుండి, "అమ్మా, తాతయ్య గొంతు ఎలా ఉండేది?" అని అడిగింది. మా నాన్నగారు పోయేసరికి దానికి నాలుగేళ్ళు. ఫొటోలు బోలెడున్నాయి గానీ ఫొటో మాట్లాడదు కదండీ! ఆయన మాట మిగిలింది ఒక్కచోటే. 2001లో జరిగిన మా పెళ్ళి క్యాసెట్టులో, అప్పగింతల దగ్గర.

"దానికేం, డిస్కు ఉందిగా" అన్నారు మావారు. నిజమే, ఏడెనిమిదేళ్ళ కిందట ఒక షాపులో ఇచ్చి డిస్కు చేయించాం. తెచ్చిన రోజు మొదటి పది నిమిషాలు చూసి, మురిసిపోయి, లోపల పెట్టేశాం. ఇప్పుడు వేసి చూస్తే స్నాతకం వచ్చింది, జీలకర్ర బెల్లం వచ్చింది, తలంబ్రాలు సగంలో ఉండగా బొమ్మ ఆగిపోయింది. అంతే. అప్పగింతలు లేనేలేవు! నా గుండె జారిపోయిందంటే నమ్మండి. అదృష్టం ఏమిటంటే, "డిస్కు వచ్చాక ఇంకా ఈ డబ్బా ఎందుకే, పాతసామాన్లవాడికి వేసెయ్యి" అని మా అత్తయ్యగారు ఎన్నిసార్లు అన్నా, నేను క్యాసెట్టు పారెయ్యలేదు.

ఎందుకు ఆగిపోయిందో తర్వాత తెలిసింది. పెళ్ళిళ్ళకి ఎక్కువగా వాడిన ఇ-180 క్యాసెట్టు మూడు గంటలది. మామూలు డి.వి.డి. డిస్కులో మంచి క్వాలిటీతో పట్టేది రెండు గంటలు. డిస్కు నిండగానే మిషను ఆగింది, షాపువాళ్ళు చూసుకోలేదు, మేమూ చూసుకోలేదు. మన పెళ్ళిళ్ళలో అప్పగింతలు ఎప్పుడూ చివరనే కదా!

ఈసారి ఇంకొకరి చేతిలో పెట్టకుండా మనమే ఒక డి.వి.డి. రికార్డర్ కొనుక్కుందామని ఇద్దరం నాంపల్లి మెట్రోలో దిగి ఆబిడ్స్ వైపు నడిచాం. మీరూ వెళ్ళేటట్టయితే ఆదివారం మాత్రం వద్దు. ఆ రోజు చాలా షాపులు మూసి ఉంటాయి, వాటి ముందు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలే పరిచి ఉంటాయి. జగదీశ్ మార్కెట్‌లో అడిగితే సెల్‌ఫోన్లు అమ్మే కుర్రాడు "రికార్డరా ఆంటీ, అంటే ఏంటి?" అన్నాడు. వాడి తప్పేం లేదు. ప్రపంచంలో వి.సి.ఆర్.లు తయారుచేస్తూ చివరికి మిగిలిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఆపేసింది. రికార్డర్లూ ఆ దారే పట్టాయి. దొరికితే సెకండ్‌హ్యాండే.

తిరిగి నాంపల్లి వైపు వస్తుంటే ఒక సందులో పాత టీవీలు బాగుచేసే పెద్దాయన కనిపించారు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. ఆయన మా క్యాసెట్టు అందుకుని ముందు మిషను మాట ఎత్తలేదు. ముందున్న మూత పైకెత్తి టేపుని వెలుతురులో చూశారు. "అమ్మా, ముందు సరుకు బాగుందో లేదో చూడాలి, తర్వాతే గిన్నె" అన్నారు. ఎంత చక్కటి మాట!

మీరూ అదే చేయండి. టేపు చుట్ట మీద తెల్లటి చుక్కలో, బూడిదలాంటి పొరో కనిపిస్తే అది బూజు. మన వానాకాలం తేమకి పట్టేస్తుంది. అలాంటిదాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ మిషనులో పెట్టకండి. ఆ బూజు మిషను హెడ్‌కి అంటుకుని, తర్వాత పెట్టే మంచి క్యాసెట్టుకీ పాకుతుంది. తడిగుడ్డతో తుడవడం అసలే వద్దు, తెలిసినవాళ్ళ చేత శుభ్రం చేయించాలి. బాగున్న క్యాసెట్టయితే వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచి ఉందో లేదో చూడండి. విరిచి ఉంటే పొరపాటున దానిమీద వేరేది రికార్డు కాదు. కాపీకి ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి చుట్టించండి. ఏళ్ళ తరబడి కదలని టేపు పొరలు అతుక్కుని ఉంటాయి.

ఇక రికార్డర్ సంగతి. కొనాలన్నా, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోవాలన్నా ఈ నాలుగూ చూసుకోమన్నారు ఆయన.

ఒకటి, అది ప్లేయరా, రికార్డరా? పైకి రెండూ ఒకేలా ఉంటాయి. ప్లేయర్ డిస్కుని చూపిస్తుంది గానీ రాయదు. రికార్డర్‌కి బొమ్మా మాటా లోపలికి తీసుకునే పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలుండాలి, వాటి దగ్గర 'ఇన్' అని రాసి ఉండాలి.

రెండు, మనది పాల్ పద్ధతి, అమెరికాది ఎన్.టి.ఎస్.సి. అక్కడినుంచి అన్నయ్య తెచ్చిన మిషను మన క్యాసెట్టుకి పనికిరాకపోవచ్చు. అక్కడ తీసిన సీమంతం క్యాసెట్టు మన వి.సి.ఆర్.లో సరిగ్గా రాకపోవచ్చు. రెండూ చదివే మిషను కావాలని ముందే అడగండి.

మూడు, గంటల లెక్క. రికార్డర్‌లో ఒక గంట, రెండు గంటలు, నాలుగు, ఆరు అని స్పీడులుంటాయి. చారులో నీళ్ళు పోసినట్టే, గంటలు పెరిగేకొద్దీ బొమ్మ పలచబడుతుంది. రెండు గంటల దగ్గర ఆగండి. మూడు గంటల క్యాసెట్టుకి రెండు డిస్కులు వాడండి, పోయేదేముంది? లోపల హార్డ్‌డిస్కు ఉన్న రికార్డర్ దొరికితే మరీ మంచిది. మొత్తం అందులోకి ఎక్కించి, తీరిగ్గా విడగొట్టి డిస్కులు చేసుకోవచ్చు. వి.సి.ఆర్. కూడా కలిసే ఉన్న మిషనయితే వైర్ల గొడవ తప్పుతుంది, కాకపోతే ఒకటి చెడితే రెండూ రిపేరుకి వెళ్ళాలి.

నాలుగు, రాయించి చూడకుండా డబ్బివ్వొద్దు. పాత మిషన్లలో డిస్కుని రాసే లేజర్ అలిసిపోయి ఉంటుంది. చూపించేటప్పుడు బాగానే చూపించి, రాసేటప్పుడు మొరాయిస్తుంది. ఐదు నిమిషాలు రికార్డు చేయించి, చివర 'ఫైనలైజ్' నొక్కించి, ఆ డిస్కు వేరే ప్లేయర్‌లో ఆడుతోందా అని చూడాలి. ఫైనలైజ్ చెయ్యని డిస్కు చాలావరకు ఆ మిషనులో తప్ప మరోచోట ఆడదు.

ఇంత చెప్పి ఆయన నవ్వి, "మీ దగ్గరున్నది ఒక్క క్యాసెట్టేగా, దానికి మిషనెందుకమ్మా?" అన్నారు. నిజమే కదా! పది, పదిహేను క్యాసెట్లుంటే రికార్డర్ వెతకడంలో అర్థముంది. ఒకటి రెండైతే అనవసరం. బాగా పనిచేసే వి.సి.ఆర్., ఒక లాప్‌టాప్, మధ్యలో బొటనవేలంత యు.ఎస్.బి. క్యాప్చర్ పరికరం ఉంటే చాలు. పాల్‌లో పెట్టి ఎక్కిస్తే ఫైలుగా వస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని టీవీ వెనక గుచ్చితే బొమ్మ వస్తుంది. ఇప్పుడు వచ్చే లాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు పెట్టే చోటే లేదు కాబట్టి డిస్కు ఒక్కదాన్నే నమ్ముకుంటే రేపు మళ్ళీ ఇదే కథ. డిస్కూ ఉండనివ్వండి, ఫైలూ ఉండనివ్వండి.

ఇందులో తొందర పనికిరాదు. మూడు గంటల క్యాసెట్టుకి మూడు గంటలూ పడుతుంది, ముందుకి తోసి కాపీ చెయ్యడం కుదరదు. అందుకే షాపులో ఇచ్చేటప్పుడు నాలుగు ప్రశ్నలు వెయ్యండి. రేటు గంటకా, క్యాసెట్టుకా? మొత్తం ఎక్కిస్తారా? ఫైలు కూడా ఇస్తారా? అసలు క్యాసెట్టు వెనక్కి ఇస్తారా? తీసుకునేటప్పుడు మొదలు, మధ్య, చివర మూడు చోట్లా చూసి, బొమ్మతోబాటు మాట కూడా వస్తోందో లేదో వినండి. నేను ఒకసారి మోసపోయింది చివర చూడకే.

మేం ఆ రోజు అక్కడే కూర్చున్నాం. మావారు మధ్యలో టీ తాగొచ్చారు, నేను మాత్రం కదల్లేదు. బొమ్మ అక్కడక్కడ వణికింది, ట్రాకింగ్ సరిచేస్తే నిలబడింది. మేళం హోరు తగ్గాక, నా చెయ్యి మా అత్తయ్యగారి చేతిలో పెడుతూ మా నాన్నగారు, "పప్పు మాడిస్తే కోప్పడకండి వదినగారూ, నేర్చుకుంటుంది" అన్నారు. ఆయన అన్నమాట అదొక్కటే. నేనేమో ఏదో పెద్ద మాట అన్నారనే ఇన్నేళ్ళూ అనుకుంటున్నాను! నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంటికొచ్చి వేస్తే మా అమ్మాయి నాలుగుసార్లు వెనక్కి తిప్పించి వింది. మా అత్తయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకుని, "మాడ్చింది, నిజంగానే మాడ్చింది" అన్నారు.

ఇంటికి తెచ్చుకున్నాక జాగ్రత్తలు కొన్నే. ఒక కాపీ మీ ఇంట్లో, ఇంకొకటి అక్కయ్య ఇంట్లోనో తమ్ముడింట్లోనో ఉంచండి. డిస్కు మీద బాల్‌పెన్నుతో రాయకండి, ఎండ తగలనివ్వకండి. క్యాసెట్టుని పడుకోబెట్టకుండా పుస్తకంలా నిలబెట్టండి, స్పీకర్లకి దూరంగా ఉంచండి. ఏడాదికోసారి, పెళ్ళిరోజుకి అనుకుందాం, ఫైలు తెరుచుకుంటోందో లేదో చూడండి.

అన్నట్టు, ఈ వానలు వెలిశాక వచ్చే మొదటి ఎండలో పట్టుచీరలు ఎలాగూ ఆరేస్తారు. అప్పుడు ఆ అడుగునున్న నల్ల డబ్బా మూతెత్తి ఒక్కసారి చూడండి. దానిని మాత్రం ఎండలో పెట్టకండేం! లోపల ఎవరి గొంతు ఉందో మీకే తెలుసు.