చల్లని గృహంలో చిట్టి టమాటా

ఎండకాలంలో మనిషి నీడను వెదకుకొంటాడు. పశువు చెట్టు క్రిందికి చేరుతుంది. మొక్క మాత్రం నిలిచిన చోటనే నిలిచి ఎండను భరించవలసినదే. ఇది సృష్టి మొదలు ఉన్న నియమం. ఈ నియమాన్ని మానవుడు తన బుద్ధిబలంతో కొంతవరకు సడలించగలిగాడు. అరేబియా ఎడారిలో, బయట 42 డిగ్రీల వడగాలి వీస్తుండగా, పారదర్శకమైన పైకప్పు క్రింద ద్రాక్షగుత్తుల వలె వ్రేలాడే చిట్టి టమాటాలు నేడు కానవస్తున్నవి. ఇది వింతయే, మెచ్చదగినదే. అయితే ఆ చలువకు మూల్యం ఎంత, ఆ మూల్యాన్ని ఎవరు చెల్లిస్తున్నారు అనే ప్రశ్న వేయకుండా మెచ్చుకోవడం విద్యావంతులకు తగదని నా అభిప్రాయం.

మొదట మొక్క యొక్క కష్టాన్ని గ్రహించుదాం. టమాటా మన దేశపు పంట కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతాలలో పుట్టి, మెక్సికోలో సాగుకు వచ్చి, ఐరోపా వారి ఓడలపై ప్రపంచమంతా వ్యాపించింది. రామములగ అని తెలుగువారు, టమాటర్ అని ఉర్దూవారు పేరు పెట్టుకొని దీనిని సొంతం చేసికొన్నారు. పప్పులోనికి, పచ్చడిలోనికి, హైదరాబాదీల టమాటే కా కట్ లోనికి ఇది లేనిదే గడవదు. ఇంతగా మన ఇంటిదైన ఈ మొక్క ఎండ విషయంలో మాత్రం తన పుట్టింటి సుకుమారాన్ని విడిచిపెట్టలేదు. పగటి వేడిమి 32 నుండి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 25 డిగ్రీలకు దిగకపోతే పుప్పొడి శక్తిహీనమవుతుంది. పువ్వు పూస్తుంది గాని పిందె నిలువక రాలిపోతుంది. నిలిచిన కాయకు సైతం ఎరుపునిచ్చే లైకోపీన్ అనే వర్ణద్రవ్యం 30 డిగ్రీలకు పైబడిన వేడిలో సరిగా తయారు కాదు; పండు పసుపు కలిసిన నారింజ రంగులోనే ఆగిపోతుంది. 2023 వేసవి అనంతరం మదనపల్లె మార్కెట్టు నుండి హైదరాబాదు వీధుల వరకు కిలో టమాటా ధర 150 రూపాయలు దాటిన సంగతి గృహిణులెవ్వరూ మరచి ఉండరు. దానికి గల కారణాలలో ఎండ కూడా ఒకటి.

ఈ కష్టాన్ని పెద్ద టమాటా కంటె చిట్టి టమాటా మెరుగుగా ఓర్చుకొంటుంది. పది, ఇరువది గ్రాములు మాత్రమే తూగే ఈ పండు అడవి టమాటాకు దగ్గరి చుట్టం. ఒక గుత్తిలో కొన్ని పూలు రాలినా మిగిలినవి పిందె కడతాయి. కొద్దిగా ఉప్పు కలిసిన నీరు పెట్టినప్పుడు పండు పరిమాణం తగ్గి తీపి పెరుగుతుంది. పెద్ద పండుకు ఇది నష్టమే గాని, చిన్నదనమే అందంగా, తీపియే విలువగా అమ్ముడుపోయే పండుకు ఇది లోపం కానేరదు. పైగా కిలోకు వచ్చే ధర ఎక్కువ గనుక చలువకయ్యే ఖర్చును ఇది కొంత మోయగలదు. ఎడారి దేశాల వారు దీనిని ఎన్నుకొనడంలో గల ఔచిత్యం ఇదియే.

ఇక చలువ సంగతి. ఇందులోని సూత్రం మనకు కొత్తది కాదు. మన అవ్వలు మట్టి కూజాలో నీరు చల్లబరచింది ఈ సూత్రంతోనే. పాత హైదరాబాదు ఇండ్లలో వాకిళ్ళకు ఖస్ టట్టీలు, అనగా వట్టివేళ్ళ తడికెలు, కట్టి నీళ్ళు చల్లింది దీని ఆధారంగానే. నీరు ఆవిరిగా మారడానికి వేడి కావలె. ఆ వేడిని అది ప్రక్కనున్న గాలి నుండి గ్రహిస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2.4 మెగాజౌళ్ళ వేడి అవసరం. గ్రీన్‌హౌస్‌లో ఒక గోడ పొడవునా తేనెపట్టు వంటి దళసరి కాగితపు పలకలు నిలిపి, వాటిపై నిరంతరం నీరు పారిస్తారు. ఎదుటి గోడకు పెద్ద ఫ్యాన్లు బిగించి లోపలి గాలిని బయటకు లాగుతారు. బయటి వేడిగాలి తడి పలకల గుండా దూరి చల్లబడి మొక్కల మధ్యగా సాగిపోతుంది.

కాని ఈ చలువకు ఒక హద్దు ఉన్నది. మన ఎయిర్ కూలరు హైదరాబాదు మే నెలలో హాయినిస్తుంది, అదే కూలరు మచిలీపట్నపు ఉక్కపోతలో ఉసూరుమనిపిస్తుంది. ఎందువలన? గాలిలో తేమ ముందే నిండి ఉంటే నీరు ఆవిరి కాదు గనుక. ఈ హద్దును తెలిపేది తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం, మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉండే తడిబల్బు. గాలి 42 డిగ్రీలు, ఆర్ద్రత 15 శాతం ఉన్న ఎడారి లోతట్టులో తడిబల్బు 22 డిగ్రీలే చూపుతుంది. పలకలు నూటికి 80 పాళ్ళు సమర్థంగా పనిచేస్తే లోనికి వచ్చే గాలి 26 డిగ్రీలకు దిగుతుంది; టమాటాకు అది స్వర్గతుల్యం. అదే సముద్రతీరంలో గాలి 36 డిగ్రీలే అయినా ఆర్ద్రత 60 శాతం ఉంటే తడిబల్బు 29 దాటుతుంది. అప్పుడు ఎంత నీరు పారించినా 30 కంటె దిగువకు రాదు. కనుకనే గల్ఫు తీరాన అనేక తోటలు జూలై, ఆగస్టు నెలలలో పంటకు విరామమిస్తాయి.

ఇచ్చట మొదటి మూల్యం కానవస్తుంది. అది నీరు. ఏపుగా పెరిగిన టమాటా పంట ఎండ దినాన చదరపు మీటరుకు నాలుగైదు లీటర్ల నీరు త్రాగుతుంది. ఎడారి గృహంలో చలువ పలకలు అంతకు మించి ఆవిరి చేయడం సామాన్యమైన విషయం. పంట త్రాగే నీటి కంటె పంటకు విసరే నీరు ఎక్కువన్న మాట! ఆ నీరు ఎక్కడిది? వేల ఏండ్ల క్రిందట భూగర్భంలో చేరి, తిరిగి నిండని నీరైతే అది పొదుపు సొమ్మును తినివేయడం వంటిదే. సౌదీ అరేబియా ఈ పాఠాన్ని గోధుమతో నేర్చుకొన్నది. 1990 దశకం ఆరంభంలో ఏటా సుమారు 40 లక్షల టన్నుల గోధుమ పండించి ఎగుమతి కూడా చేసిన ఆ దేశం, భూగర్భజలం తరిగిపోవడం చూచి, 2008లో స్వదేశీ గోధుమ కొనుగోలును క్రమంగా తగ్గించి 2016 నాటికి ముగించాలని నిర్ణయించింది. గోధుమకు జరిగినదే టమాటాకు జరగరాదు.

ఈ సమస్యకు శాస్త్రజ్ఞులు వెదకిన మార్గాలు ఆశాజనకంగా ఉన్నవి. ఎర్రసముద్రపు ఒడ్డున థువల్‌లో 2009లో ప్రారంభమైన కింగ్ అబ్దుల్లా విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయంలో మార్క్ టెస్టర్, ర్యాన్ లెఫర్స్ అనువారు 2018లో రెడ్ సీ ఫార్మ్స్ అనే సంస్థను నెలకొల్పి, చలువకు ఉప్పునీటిని, సాగుకు కొంతవరకు ఉప్పునీటిని వాడి చిట్టి టమాటాలను పండించారు. ఎండలోని శక్తిలో ఇంచుమించు సగం కంటికి కానరాని పరారుణ కిరణాలుగా వస్తుంది. కిరణజన్య సంయోగక్రియకు అది పనికిరాదు, వేడిని మాత్రం పెంచుతుంది. ఆ కిరణాలలో కొంత భాగాన్ని పైకప్పు వద్దనే అడ్డగించే పొరలను కూడ వారు రూపొందించారు. చొరబడిన వేడిని నీటితో తరమడం కంటె వేడిని గుమ్మం బయటనే ఆపడం వివేకం కదా! ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆగస్టాలో 2016లో ఆరంభమైన 20 హెక్టార్ల టమాటా క్షేత్రం సముద్రపు నీటిని సూర్యశక్తితో మంచినీరుగా మార్చి వాడుకొన్నది. మంచినీరు కరువైన చోట మంచినీటితో గాలిని చల్లబరచడం తగదని ఈ ప్రయత్నాలు చాటుతున్నవి.

అయితే రెండవ మూల్యం ఒకటి ఉన్నది. దానిని గురించి చెప్పేవారు తక్కువ. అది మనిషి. చిట్టి టమాటా శ్రమను కోరే పంట. కిలోకు పది పండ్లు కోసే చోట అరువది, డెబ్బది పండ్లు కోయవలె. తీగలను దించవలె, పిలకలను త్రుంచవలె, పండిన గుత్తులను ప్రతిదినం ఏరవలె. ఈ పని చేసే చేతులు ఎవరివి? గల్ఫు దేశాలలోని మజ్రాలలో, అనగా తోటలలో, ఎక్కువగా దక్షిణాసియా వారివి. వారిలో కరీంనగరు, జగిత్యాల, నిజామాబాదు, కడప ప్రాంతాలనుండి వెళ్ళిన మనవారు కూడ ఉన్నారు. మన కళాశాలలో చదివే విద్యార్థులలో తండ్రియో, అన్నయో, మామయో అరబ్బు దేశంలో లేనివారు ఎందరు?

బయట మాడిపోయే ఎండ కంటె చల్లని గృహంలో పని సుఖమే గదా అని కొందరు అనవచ్చు. పొడి ఎడారిలో ఆ మాట చాలావరకు నిజమే. కాని తీరప్రాంతంలో అది మోసపుచ్చే మాట. ఇందులో ఒక సూక్ష్మమైన శాస్త్రసత్యం ఉన్నది. తడి పలకల గుండా దూరిన గాలిలో మామూలు ఉష్ణమాపకపు అంకె దిగుతుంది గాని, తడిబల్బు అంకె ఇంచుమించు మారదు. ఎందుకనగా వేడి తగ్గినంత మేర తేమ పెరిగింది. మొక్కకు మామూలు అంకె దిగడం చాలు, పుప్పొడి బ్రదుకుతుంది. మనిషి ఒడలు చల్లబడేది చెమట ఆరడం వల్ల. చెమట ఆరడం తడిబల్బుపై ఆధారపడి ఉంటుంది. పలకల దగ్గర చల్లగా ఉన్న గాలి ఫ్యాన్ల వైపు సాగే కొద్దీ ఎండ వేడిని, ఆకులు వదలిన తేమను కలుపుకొని మరింత బరువెక్కుతుంది. ఆ చివరి వరుసలలో గుత్తులు కోసే మనిషికి గోడనున్న ఉష్ణమాపకం 33 చూపవచ్చు. అతని దేహం మాత్రం ఉడికిపోతూ ఉంటుంది. మొక్క కొరకు చూచే అంకెతో మనిషి క్షేమాన్ని కొలవరాదు.

ఈ సత్యాన్ని చట్టం గుర్తించిన ఉదాహరణ కలదు. ఖతర్ దేశం 2021లో వేసవి మధ్యాహ్నపు ఆరుబయటి పనిపై నిషేధాన్ని పొడిగించడమే గాక, తడిబల్బు గోళ సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళలోనైనా పని ఆపవలెనని నియమించింది. ఆ సూచికలో పదింట ఏడు పాళ్ళు తడిబల్బుకు, రెండు పాళ్ళు ఎండకు వేడెక్కే నల్లని గోళానికి, ఒక్క పాలు మాత్రమే మామూలు ఉష్ణమాపకానికి చెందుతాయి. ప్రతి చలువ గృహంలో, ఫ్యాన్ల ప్రక్కనున్న చివరి వరుసలో, ఈ సూచికను కొలిచే పరికరం ఒకటి వ్రేలాడదీయడం ఎంత ఖర్చు? ఒకరోజు కోత విలువలో అది ఎన్నవ వంతు? మొక్క వేరు దగ్గరి ఉప్పును, ఆకు దగ్గరి తేమను అనుక్షణం కొలిచే గృహంలో మనిషి చెమటను కొలిచేవారు లేకపోవడం శాస్త్రం యొక్క లోపం కాదు, దృష్టి యొక్క లోపం.

ఎడారిలో టమాటా పండించనే వద్దు, చల్లని దేశాలనుండి తెప్పించుకొనుటే మేలని వాదించేవారు ఉన్నారు. ఈ వాదంలో కొంత బలం లేకపోలేదు. అయితే చల్లని దేశాల వారు శీతకాలంలో ఇంధనం మండించి తమ గృహాలను వేడి చేసికొంటూనే ఉన్నారు. 2017లో పొరుగు దేశాలు దారులు మూసివేసినప్పుడు ఖతర్ ప్రజలు తాజా ఆహారం కొరకు పడిన ఆందోళనను తలచుకొంటే, కొంత పంట సొంత నేలపై ఉండవలెననే కోరికను తప్పుపట్టలేము. కనుక నా వాదం చలువ గృహం వద్దని కాదు. దాని లెక్క పూర్తిగా వ్రాయవలెనని.

ఈ లెక్క మన ప్రాంతానికి కూడ వర్తిస్తుంది. తెలంగాణ పీఠభూమిలో ఏప్రిల్, మే నెలల గాలి పొడిగా ఉంటుంది గనుక తడి పలకల చలువ ఇచ్చట బాగుగా పనిచేస్తుంది. కాని ఆ నెలలలోనే బోరుబావులు ఎండుతాయి. ఎడారివారిని అనుకరించి బోరునీటిని గాలికి ఆరబోయడం అవివేకం. గృహపు పైకప్పుపై పడే వాననే దాచుకొంటే? హైదరాబాదు ప్రాంతంలో ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అనగా పైకప్పు ప్రతి చదరపు మీటరుకు 800 లీటర్లు. అందులో నూటికి 80 పాళ్ళు మూతగల తొట్టిలో నిలుపుకొంటే 640 లీటర్లు. చలువకు రోజుకు 8 లీటర్ల చొప్పున వాడినా 80 దినాలు గడుస్తుంది. ఒక వేసవి దాటినట్లే! బోరు నీటిలో చుక్కయైనా చలువకు ముట్టుకోనక్కరలేదు. వానతొట్టి లేనిదే చలువ గృహానికి సబ్సిడీ ఇవ్వరాదని నియమం పెట్టడం ప్రభుత్వానికి కష్టమైన పని కాదు. నీడవలలతో సరిపోయే చోట ఫ్యాన్ల జోలికి పోకుండా ఉండడం రైతుకు మరింత మేలు.

విద్యార్థి మిత్రులారా! మీలో పలువురు రేపు సముద్రాలు దాటి వెళ్ళబోతున్నారు. మన పెద్దలు చేతుల బలంతో వెళ్ళారు. మీరు చదువు బలంతో వెళ్ళండి. తడిబల్బు ఉష్ణమాపకాన్ని పరీక్ష మార్కుల కొరకు మాత్రమే చదివి మరచిపోకండి. ఏ తోటలో మీరు పర్యవేక్షకులైనా, సాంకేతికులైనా, ఆ తోట చివరి వరుసలో నిలబడి ఆ అంకెను చదవండి, అవసరమైనప్పుడు పని ఆపించండి. మొక్క కొరకు ఇంత చల్లని ఇల్లు కట్టగలిగిన మానవునికి, ఆ మొక్కను సాకే మనిషికి గుక్కెడు నీరు, ఘడియ విశ్రాంతి, గౌరవంతో కూడిన కూలి ఇవ్వడం అసాధ్యం కానేరదు. ఆ మూడూ ఇచ్చిన నాడే చిట్టి టమాటాలోని తీపి నిజమైన తీపి అవుతుంది.